ఇరుకు గది, కారే మిద్దె: తిరుపతిలో కార్పొరేషన్‌ను కదిలించడం ఎలా

ముందుగా ఒక కొలత టేపు తెచ్చుకోండి. అర్జీ, జిరాక్స్ కాపీలు, ఆఫీసు మెట్లు ఎక్కడం అన్నీ తర్వాత. కొర్లగుంటలో మేం ఆరుగురం ఒకే గదిలో ఉన్న రోజుల్లో మా నాన్న ఒక ఆఫీసులో మూడుసార్లు అర్జీ ఇచ్చాడు. పిల్లలతో నానా అవస్థలు పడుతున్నాం, దయచేసి ఆదుకోండి అని రాయించాడు. ఎవరూ రాలేదు. నాలుగోసారి పక్క వీధిలో ఉండే మేస్త్రి ఒకాయన వచ్చి గది కొలిచాడు. శ్లాబులో కమ్మీ బయటపడిన చోట సుద్దముక్కతో గీత గీశాడు. "పది బై పది గది. ఆరుగురం ఉంటున్నాం. శ్లాబు కమ్మీ రెండడుగుల మేర బయటపడింది. సరిగ్గా దాని కిందే పిల్లలు పడుకుంటారు" అని రాయించాడు. వారం తిరక్కముందే ఇంజినీరు వచ్చి చూశాడు. అప్పటి నుంచి ఎవరైనా అర్జీ రాసిపెట్టమని అడిగితే ముందు వాళ్ల ఇంటికి వెళ్లి టేపు పడుతున్నాను.

ఇది బాడుగ పోర్షన్లలో, రేకుల ఇళ్లలో, పెచ్చులూడే పాత మిద్దెల కింద ఉంటున్న వాళ్ల కోసం రాస్తున్నాను. తిరుపతిలో వాళ్లు తక్కువేమీ కాదు. ఉత్తరాన శేషాచలం కొండ అడ్డం కాబట్టి ఊరు అటు పెరగలేదు. కొండ మీద పని, హోటళ్లలో పని, రుయా, స్విమ్స్ ఆసుపత్రుల చుట్టూ పని, కాలేజీల చదువు, అన్నిటికీ జనం ఇక్కడికే వస్తారు. పనికి దగ్గరగా ఉండాలంటే దొరికింది ఒక్క గదే.

మీ మనసులో ఉన్న పెద్ద భయం నాకు తెలుసు. "ఫిర్యాదు చేస్తే ఓనరు ఖాళీ చేయమంటాడు. ఇంత బాడుగకు ఇంకెక్కడ దొరుకుతుంది?" ఆ భయంలో నిజముంది. అందుకే ఇక్కడ చెప్పే ప్రతి పనీ ఒక్క షరతు మీద నడుస్తుంది. ఇల్లు బాగుపడాలి, అందులో ఉన్న మనిషి మాత్రం రోడ్డున పడకూడదు. ఏ అర్జీ రాసినా ఈ రెండూ కలిపే అడగాలి.

కొలతలు, లెక్కలు

ఒక నోటుపుస్తకంలో ఒక పేజీ మీ ఇంటికి కేటాయించండి. గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో రాయండి. కిటికీలు ఎన్ని, ఒక్కోటి ఎంత, అవి బయటి గాలికి తెరుచుకుంటాయా లేక పక్క పోర్షన్ వరండాలోకా అన్నది రాయండి. తిరుపతి పోర్షన్లలో ఈ రెండో రకం కిటికీలు చాలా కనిపిస్తాయి. పేరుకు కిటికీ ఉంటుంది, దాంట్లోంచి వచ్చేది పక్కింటి పొయ్యి పొగ. తర్వాత ఎంతమంది ఉంటున్నారో వయసుతో సహా రాయండి. బాత్రూం, లెట్రిన్ ఎన్ని కుటుంబాలకు ఉమ్మడి, తలుపుకు లోపల గడియ ఉందా, రాత్రి లైటు ఉందా అనేవి కూడా. ఆడవాళ్లు, ఆడపిల్లలు ఉన్న ఇంట్లో ఈ గడియ, లైటు సంగతి చిన్నదేమీ కాదు, కచ్చితంగా రాయండి.

కొలిచినదాన్ని దేంతో పోల్చాలి? దేశమంతటికీ ఉన్న నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం, ఇంట్లో ఉండేది ఒకే గది అయితే అది కనీసం 9.5 చదరపు మీటర్లు ఉండాలి, అంటే దాదాపు 102 చదరపు అడుగులు. వెడల్పు కనీసం 2.4 మీటర్లు, ఎత్తు కనీసం 2.75 మీటర్లు ఉండాలి. ఎత్తు సుమారు తొమ్మిది అడుగులన్న మాట. మనం పది బై పది అని గొప్పగా చెప్పుకునే గది వంద చదరపు అడుగులే, ఆ కనీసానికి కూడా ఓ రెండు చదరపు అడుగులు తక్కువ. కిటికీల సంగతికొస్తే, పొడి వేడి ఉండే చోట కూడా నేల వైశాల్యంలో కనీసం పదో వంతు గాలి వెలుతురుకు తెరిచి ఉండాలంటారు. ఈ కొలతలు కొత్త కట్టడాల ప్లాన్లకు పెట్టినవి. కాబట్టి పాత ఇల్లు ఇంతకన్నా చిన్నదని చెప్పి రేపే ఓనరు మీద కేసు పెట్టలేరు. కానీ "గది కనీస ప్రమాణం కన్నా తక్కువగా ఉంది" అని అర్జీలో రాస్తే చదివే ఇంజినీరుకు విషయం సూటిగా అర్థమవుతుంది.

ఇరుకును కొలవడానికి ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ వాడే లెక్క ఇంకా తేలిక. ఒక గదికి ముగ్గురికి మించి ఉంటే అది ఇరుకు ఇల్లే. మన దేశంలో ఇంకో లెక్క కూడా ఉంది. పెళ్లయిన ప్రతి జంటకూ ఒక గది ఉందా లేదా అని చూస్తారు. 2012లో కేంద్రం వేసిన నిపుణుల బృందం దేశంలోని పట్టణాల్లో 1.878 కోట్ల ఇళ్ల కొరత ఉందని తేల్చింది. అందులో దాదాపు 1.5 కోట్లు ఈ ఇరుకు వల్ల వచ్చినవే. నిలువ నీడ లేక ఫుట్‌పాత్ మీద ఉన్న కుటుంబాలు అందులో సుమారు 5 లక్షలు. అంటే ఈ దేశపు ఇళ్ల కష్టంలో పెద్ద భాగం తలుపుల వెనకే ఉంది, వీధిలోకి కనిపించదు. కనిపించదు కాబట్టే మీరు కొలిచి చూపించాల్సి వస్తోంది.

ఇక ఫోటోలు. పెచ్చులూడిన శ్లాబు, నెర్రెలిచ్చిన గోడ, చెమ్మ ఎక్కిన మూల, విడిపోయి వేలాడే కరెంటు తీగలు, పొంగే డ్రైనేజీ. ప్రతి ఫోటోలోనూ ఒక స్కేలో, టేపో, కనీసం ఒక చెంబో పక్కన పెట్టండి, సైజు తెలుస్తుంది. నెర్రె పక్కన పెన్సిల్‌తో తేదీ రాసి, నెల తర్వాత మళ్లీ ఫోటో తీయండి. నెర్రె పెరుగుతోందని తేలితే అది బలమైన ఆధారం, అప్పుడు ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఈ పనంతా ఆగస్టు, సెప్టెంబరులో చేసుకోవడం మంచిది. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. 2021 నవంబరులో ఊరంతా నీళ్లలో మునిగినప్పుడు, ఎం.ఆర్.పల్లి వైపు ఒక ఇంట్లో భూమిలోని నీళ్ల తొట్టే పైకి లేచి నిలబడింది. నేల అంత నానితే పాత మట్టి గోడల సంగతి ఏమిటో ఆలోచించండి. వాన మొదలయ్యాక అర్జీ ఇస్తే మీది వందల్లో ఒకటవుతుంది.

దగ్గు ఉంటే ఇల్లు ఆగాలి, మనిషి ఆగకూడదు

ఒక మాట మధ్యలో చెప్పాలి. ఇరుకు గదిలో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే అర్జీ పక్కన పెట్టి ముందు వాళ్లను దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికో, రుయాకో తీసుకెళ్లండి. క్షయ గాలి ద్వారా అంటుకుంటుంది. గాలి ఆడని గదిలో పదిమంది నిద్రపోతే అది సులువుగా తిరుగుతుంది. పరీక్షా, మందులూ ఉచితం. చికిత్సలో ఉన్నన్నాళ్లు తిండి కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2024 అక్టోబరు వరకు అది 500గా ఉండేది. అదే గదిలో ఉన్నవాళ్లందరికీ కూడా పరీక్ష చేయమని మీరే అడగండి, చేస్తారు. వార్డులో ఉండే ఏఎన్ఎంకు కూడా చెప్పండి. ఆమె చేసిన నమోదు రేపు మీ ఇంటి అర్జీకి కూడా బలమవుతుంది. "ఈ గదిలో ఒకరికి టీబీ, మిగతా ఐదుగురు అదే గదిలో నిద్రపోతున్నారు" అన్న వాక్యాన్ని ఏ అధికారీ పక్కన పెట్టలేడు.

ఎవరి పని ఏది

చాలా అర్జీలు తప్పు బల్ల మీద పడి చచ్చిపోతాయి. కొళాయి నీళ్లు, మురికి కాలవ, శ్లాబు, కరెంటు అన్నీ ఒకే కాగితంలో రాస్తే ఎవరికి వాళ్లు "ఇది నాది కాదు" అంటారు.

వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. అక్కడ ఒక్కో పనికి ఒక్కో సెక్రటరీని పెట్టారు. కట్టడం, గోడ, శ్లాబు, ప్లాన్ లేకుండా పైన వేసిన అంతస్తు వంటివన్నీ ప్లానింగ్ సెక్రటరీ చూస్తారు. తాగునీరు, డ్రైనేజీ, వీధి దీపాలు ఎమినిటీస్ సెక్రటరీవి. చెత్త, లెట్రిన్లు, దోమలు శానిటేషన్ సెక్రటరీ పని. ఇంటి పథకాలు, లబ్ధిదారుల పేర్లు వెల్ఫేర్ సెక్రటరీ దగ్గర. రేషన్ కార్డు, ఆధార్, కుటుంబ వివరాల మార్పులు డిజిటల్ వైపు చూసేవాళ్లు చేస్తారు. ఇద్దరు ముగ్గురి పని ఒకరికే ఇచ్చిన చోట్లా ఉన్నాయి, కాబట్టి లోపలికి వెళ్లగానే "మిద్దె కూలేటట్టు ఉంది, ఎవరిని కలవాలి?" అని అడిగేయండి.

కరెంటు మాత్రం కార్పొరేషన్‌ది కాదు, విద్యుత్ పంపిణీ సంస్థది. మిద్దెకు ఆనుకుని పోతున్న తీగలు, మీటరు బోర్డు కాలిపోవడం వంటివాటికి 1912కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు తీసుకోండి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది మన తిరుపతిలోనే. ఒకే మీటరు మీద ఆరు పోర్షన్లు, ఒక్కోదానికి సబ్ మీటరు ఉన్న ఇళ్లలో వైరింగ్ మీద పడే లోడు ఎక్కువ. వైరు ముట్టుకుంటే వెచ్చగా అనిపిస్తే, ప్లగ్గు దగ్గర నల్లగా మాడితే, ఆ రోజు మోటారు, హీటరు ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పడుకునే గదిలోనే గ్యాస్ సిలిండరు, బయటికి పోవడానికి ఒక్కటే తలుపు ఉంటే పొయ్యిని ఆ తలుపుకు దూరంగా పెట్టుకోండి. మంట లేచినప్పుడు తలుపు వైపు దారి ఖాళీగా ఉండాలి.

ఓనరుతో ముందు మాట్లాడండి, కానీ రాతలో ఉంచండి

నేరుగా ఆఫీసుకు పోకండి. మన ఊళ్లో ఓనర్లు చాలామంది పెద్ద ఆసాములేమీ కాదు. రిటైరైన మాస్టారో, భర్త పోయాక పోర్షన్ల బాడుగ మీదే బతికే అమ్మో అయి ఉంటారు. "అమ్మా, శ్లాబు చూడండి, మీ ఇల్లే కదా, మనవళ్లు కూడా ఇక్కడే ఆడుకుంటారు" అంటే వినేవాళ్లు ఎక్కువే. మరమ్మతు ఖర్చు నెలనెలా బాడుగలో కొంత తగ్గించుకునేలా ఒప్పందం చేసుకున్న కుటుంబాలు నాకు తెలుసు. అలా ఒప్పుకుంటే ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి.

మాట వినకపోతే అదే విషయం వాట్సాప్‌లో మర్యాదగా పంపండి. తేదీ, ఫోటో ఉంటాయి. రేపు "నాకెప్పుడూ చెప్పలేదు" అనడానికి వీలుండదు. బాడుగ మాత్రం ఎన్నడూ ఆపొద్దు. ఆపిన మరుక్షణం గొడవ ఇంటి గురించి కాకుండా బాకీ గురించి మారిపోతుంది. చేతికిచ్చే బదులు ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారా కట్టండి, ప్రతి నెలా మీరు అక్కడే ఉంటున్నారన్న రుజువు దానంతట అదే తయారవుతుంది. ఓనరు ఎవరో తెలియక, ఏజెంటుకు బాడుగ కడుతున్న వాళ్లు ఇంటి తలుపు మీది డోరు నంబరు పట్టుకుని ఇంటి పన్ను వివరాలు చూడండి, పన్ను ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. అర్జీలో ఆ ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు రాస్తే అధికారి పని సగం అయిపోయినట్టే.

ఓనరు కోపంతో నీళ్లు ఆపేసి, కరెంటు పీకేసి ఖాళీ చేయించబోతే అది చట్టం ఒప్పే పని కాదు. తిరుపతి కోర్టు ప్రాంగణంలో న్యాయ సేవల కమిటీ ఉంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా సరే. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు లాయరు ఖర్చు లేకుండా సాయం చేస్తారు.

ఒక్కరు కాదు, కాంపౌండంతా

ఆరు పోర్షన్ల కాంపౌండులో ఒక్క ఇంటివాళ్లే అర్జీ పెడితే వాళ్లనే సాగనంపుతారు. ఆరు ఇళ్ల వాళ్లూ పెడితే ఆరుగురినీ ఒకేసారి పంపడం ఏ ఓనరుకూ కుదరదు, బాడుగ ఆగిపోతుంది కదా. సాయంత్రం మిద్దె మీద కూర్చుని మాట్లాడుకోండి. పొదుపు సంఘం ఆడవాళ్లు ముందుంటే ఇంకా మంచిది. ఆఫీసులో ఏం అడగాలో, ఎవరిని అడగాలో వాళ్లకు బాగా అలవాటు. సంతకం పెట్టడానికి భయపడే ఇల్లు ఉంటే బలవంతం చేయకండి, ఉన్నవాళ్లతోనే పోండి.

అర్జీ ఇలా రాయండి

కమిషనర్ అధికారం ఏమిటో తెలిస్తే అర్జీ గట్టిగా వస్తుంది. మన కార్పొరేషన్లకు వర్తించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో 456వ సెక్షన్ ఉంది. ఒక కట్టడం శిథిలమై కూలేటట్టు ఉందనో, అందులో ఉన్నవాళ్లకో దారిన పోయేవాళ్లకో ప్రమాదమనో కమిషనర్‌కు అనిపిస్తే, దాన్ని కూల్చమనో, మరమ్మతు చేయమనో, కూలకుండా ఆపు చేయమనో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వొచ్చు. ఈ మూడూ వేరువేరు. మీకు కావాల్సింది మరమ్మతు అయితే ఆ మాటే అడగాలి. వట్టి "ప్రమాదకరమైన ఇల్లు" అని రాస్తే నోటీసు కూల్చమని కూడా రావచ్చు. అప్పుడు ముందు బయట పడేది మీ సామానే. ఈ తేడా తెలియక ఇల్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను రాసిచ్చే అర్జీ ఇంచుమించు ఇలా ఉంటుంది. ఖాళీలు మీరు నింపుకోండి.

"గౌరవనీయులైన తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

విషయం: ............ డివిజన్, డోరు నంబరు ............, అసెస్‌మెంట్ నంబరు ............ గల ఇంట్లో శ్లాబు ప్రమాదకర స్థితి, ఇరుకు. తనిఖీ చేసి మరమ్మతుకు ఆదేశించాలని విన్నపం.

అయ్యా,

మేము పై ఇంట్లో ............ పోర్షన్లలో ............ మందిమి బాడుగకు ఉంటున్నాము. ఒక్కో గది కొలత ............ బై ............ అడుగులు, ఎత్తు ............ అడుగులు. అందరికీ కలిపి ............ లెట్రిన్లు, ............ బాత్రూంలు ఉన్నవి. ............ తేదీన శ్లాబు పెచ్చులు ఊడి పడినవి. కమ్మీలు ............ అడుగుల మేర బయటపడి తుప్పు పట్టినవి. ఫోటోలు జతచేశాము. ఈ విషయం ఓనరు గారికి ............ తేదీన తెలియజేశాము, మరమ్మతు జరగలేదు.

కావున ఇంజినీరింగ్ సిబ్బందితో తనిఖీ చేయించి, 456వ సెక్షన్ ప్రకారం మరమ్మతు చేయమని ఓనరు గారికి గడువుతో కూడిన నోటీసు ఇవ్వగలరని, మరమ్మతు రోజుల్లో మేము ఉండటానికి తాత్కాలిక ఏర్పాటు చూపగలరని, పని పూర్తయ్యాక తిరిగి ఇదే ఇంట్లో ఉండేలా చూడగలరని ప్రార్థిస్తున్నాము."

కింద పేర్లు, సంతకాలు, ఫోన్ నంబర్లు. ఒక పేజీకి మించనీయకండి. డ్రైనేజీ, నీళ్ల సంగతి ఉంటే అది వేరే కాగితం.

సచివాలయంలో ఇచ్చి ఊరుకోకండి. ఇంకో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "ముద్ర ఎందుకు అక్కా, చూస్తాంలే" అంటారు. నవ్వుతూనే అక్కడే నిలబడండి, ముద్ర వేసేదాకా కదలొద్దు.

సోమవారాలు

సచివాలయంలో రెండు వారాలకు కదలిక లేకపోతే సోమవారం పట్టుకోండి. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. మన జిల్లా 2022 ఏప్రిల్ 4న చిత్తూరు నుంచి వేరయ్యాక కలెక్టరేట్ తిరుచానూరు దగ్గర పద్మావతి నిలయానికి వచ్చింది, ఇప్పుడు చిత్తూరు దాకా పోయే పని లేదు. కార్పొరేషన్ ఆఫీసులో కూడా సోమవారం అర్జీలు తీసుకుంటారు. కూలి పోగొట్టుకుని వెళ్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లండి. అర్జీ ఆన్‌లైన్‌లో ఎక్కించి నంబరు ఇస్తారు. ఆ నంబరును ఫోనులో ఫోటో తీసి, ఇంకొకరి ఫోనుకు కూడా పంపండి. ఆఫీసుకు పోలేని వాళ్లు 1100కు ఫోన్ చేయొచ్చు. మన మిత్ర వాట్సాప్ సేవలో 9552300009 నంబరుకు మెసేజ్ పెట్టినా ఫిర్యాదు నమోదవుతుంది.

ఇక్కడ జరిగే ఒక మోసం గురించి జాగ్రత్త. ఎవరూ రాకుండానే, ఏమీ చేయకుండానే "సమస్య పరిష్కరించబడింది" అని రాసి ఫైలు మూసేయడం కొన్నిసార్లు జరుగుతుంది. మీకు ఫోన్ వచ్చి పరిష్కారమైందా అని అడిగితే మొహమాటపడి "ఆఁ, అయింది" అనొద్దు. కాలేదంటే కాలేదనే చెప్పండి, అర్జీని మళ్లీ తెరిపించండి. ఎంతో మంచిగా ఫోన్ చేశారు కదా, కాదంటే ఏమనుకుంటారో అని ఒప్పేసుకున్న అమ్మలు ఎందరో.

మళ్లీ తెరిచినా కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. "మా అర్జీ నంబరు ............ మీద ఏ తేదీన ఎవరు తనిఖీ చేశారు, తనిఖీ నివేదిక నకలు ఇవ్వండి" అని రెండు ప్రశ్నలు మాత్రం అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు, రేషన్ కార్డు నకలు జత చేస్తే చాలు. చాలాసార్లు ఈ కాగితం అందిన మూడో రోజుకే ఇంజినీరు గుమ్మం ముందుంటాడు.

ఆయన వచ్చిన రోజు ఇంట్లో ఒకరు తప్పకుండా ఉండాలి. నోటుపుస్తకం, ఫోటోలు చేతికివ్వండి. చూసి వెళ్తూ ఏం రాశారో అడగండి. పైన మరో అంతస్తు బరువు ఉన్నా, పాత భవనం పెద్దదైనా, నిపుణులతో కట్టడం పటుత్వ పరీక్ష చేయించమని అడగొచ్చు.

నోటీసు అంటించాక

గోడకు నోటీసు అంటించి వెళ్లాక అసలు కష్టం మొదలవుతుంది. అందులో మూడు చూడండి. కూల్చమన్నారా, మరమ్మతు చేయమన్నారా, గడువు ఎంత. మరమ్మతు అయితే ఎన్ని రోజులు పడుతుందో, ఆ రోజులకు బాడుగ ఎలాగో ఓనరుతో కాగితం రాసుకోండి. ఒక్కో గది విడిగా మరమ్మతు చేయించగలిగితే అందరూ బయటికి పోనక్కర్లేదు. ఒక కాంపౌండులో నాలుగు పోర్షన్ల వాళ్లు ఇలాగే ఒక్కో వారం ఒకరి గదిలో ఇంకొకరు సర్దుకుని నెల గడిపారు.

కూల్చమని వస్తే, ఆ ఇల్లు నిజంగానే ప్రాణాల మీదికి తెచ్చేలా ఉంటే, దయచేసి అక్కడే ఉండిపోకండి. అడ్వాన్సు తిరిగి రాబట్టుకోవడం, పిల్లల బడి, కొత్త బాడుగ, అన్నీ నాకు తెలుసు. అయినా ముందు పిల్లలను బయటికి తెండి. అదే రోజు కమిషనర్ కార్యాలయంలో, కలెక్టరేట్‌లో రెండో అర్జీ ఇవ్వండి. నోటీసు నకలు జతచేసి, "ఇల్లు ఖాళీ చేశాము, ఇన్ని కుటుంబాలకు తాత్కాలిక వసతి చూపండి, ఇంటి పథకంలో మా పేర్లు ముందుగా పరిశీలించండి" అని రాయండి. ఈ నోటీసు నకలు పారేయకండి. ఇల్లు లేని కుటుంబం అని చెప్పుకోవడానికి అంతకంటే గట్టి కాగితం ఉండదు.

ఒక్క కార్డులో మూడు కుటుంబాలు

ఇరుకు నిజంగా తీరాలంటే ఇంకో ఇల్లు రావాలి. ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. అమ్మానాన్న, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, పిల్లలు అందరూ ఒకే రేషన్ కార్డులో, సచివాలయం లెక్కలో ఒకే కుటుంబంగా ఉంటారు. లెక్కలో ఒక కుటుంబమైతే ఒక్క ఇల్లే వస్తుంది, చాలాసార్లు అదీ రాదు. కేంద్రం ఇంటి పథకంలో కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. పెళ్లయిన కొడుకు విడి కుటుంబం కింద లెక్క. కాబట్టి పెళ్లి సర్టిఫికెట్, ఆధార్‌తో సచివాలయానికి వెళ్లి కార్డు విడదీయించుకోండి, కుటుంబ వివరాల నమోదులో కూడా విడిగా రాయించుకోండి. "విడిపోతున్నారా?" అని ఇరుగుపొరుగు అడిగితే బాధపడకండి. పెద్దవాళ్లకు ముందే నెమ్మదిగా చెప్పండి, కాగితం మీద విడిపోతే పొయ్యి విడిపోయినట్టు కాదు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత 2024లో మొదలైంది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లు, దేశంలో ఎక్కడా సొంత పక్కా ఇల్లు లేనివాళ్లు అర్హులు. గత 20 ఏళ్లలో ఏ ఇంటి పథకం కిందైనా లబ్ధి పొందినవాళ్లకు రాదు. స్థలం ఉండి కట్టుకునేవాళ్లకు మన రాష్ట్రంలో కేంద్రం 1.5 లక్షలు, రాష్ట్రం లక్ష కలిపి 2.5 లక్షలు ఇస్తున్నాయి. ఇల్లు ఇంటి ఆడమనిషి పేరుమీదో, ఉమ్మడిగానో ఉంటుంది. ఊళ్లో నాన్న పేరున పాత ఇల్లు ఉన్నంత మాత్రాన పెళ్లయిన కొడుకుకు అర్హత పోదు, ఆ ఇల్లు తన పేరునో, భార్య పేరునో ఉందా అన్నదే చూడాలి.

స్థలం లేనివాళ్లు ఇంటి స్థలం కోసం వెల్ఫేర్ సెక్రటరీ దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలి. పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామన్నది ప్రభుత్వ విధానం, అంటే 871 చదరపు అడుగులు. ఎవరికీ ఇబ్బంది లేని ప్రభుత్వ స్థలంలో ఏళ్ల తరబడి గుడిసెలో, రేకుల ఇంట్లో ఉంటున్న పేదలకు 150 చదరపు గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించే ఉత్తర్వు 2025 జనవరిలో వచ్చింది. 2019 అక్టోబరు 15కు ముందే అక్కడ ఉన్నట్టు రుజువు అడుగుతారు. పాత కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, పిల్లల బడి కాగితంలో ఉన్న అడ్రసు వెతికి పెట్టుకోండి. ఇప్పుడు దరఖాస్తు తీసుకుంటున్నారా, గడువు ఎప్పటిదాకా అన్నది సచివాలయంలోనే అడగండి.

ఈ పనుల్లో దేనికీ మధ్యవర్తికి డబ్బు ఇవ్వొద్దు. "లిస్టులో పేరు పెట్టిస్తా, ఇరవై వేలివ్వు" అనే మనిషి ప్రతి వార్డులోనూ ఉంటాడు. అర్హుల జాబితా సచివాలయంలో గోడకు పెట్టాలి. మీ పేరు లేకపోతే ఎందుకు లేదో రాతలో అడగండి.

ప్రభుత్వం పేదలకు కట్టించిన టిడ్కో అపార్ట్‌మెంటులోనో, ఊరి బయట కాలనీలోనో ఇల్లు వచ్చిందని కబురు రాగానే సంబరంతో సంతకం పెట్టేయకండి. ఒక పనిదినం పొద్దున వెళ్లి చూడండి. కొళాయిలో నీళ్లు వస్తున్నాయా, డ్రైనేజీ ఎక్కడికి పోతోంది, కరెంటు మీటరు పెట్టారా, పిల్లల బడి ఎంత దూరం. తెల్లారి ఐదింటికి హోటల్ కిచెన్‌లో ఉండాల్సిన మనిషికి ఆ వేళకు బస్సు ఉందా? ఆటోకి రోజూ వంద రూపాయలు పోతే నెలకు మూడు వేలు, మీరు ఇప్పుడు కడుతున్న బాడుగకు దగ్గరే. బస్సు లేదంటే ఇల్లు వద్దనకండి, తీసుకోండి. తీసుకున్న వారమే కాలనీవాళ్లంతా కలిసి ఆర్టీసీ డిపో మేనేజర్‌కు ఇంకో అర్జీ రాయండి. ఎన్ని ఇళ్లలో మనుషులు దిగారు, ఎంతమంది ఏ వేళకు ఎటు పోతారు అన్నది లెక్కతో సహా.